చెంగున ముడేసిన చిట్టీ

నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు రెండు మాటల్లో ఉంది. "పూర్తి విశ్రాంతి." ఆ రెండు మాటలు నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, దవాఖాన ముద్ర వేయించి ఒక ఆడమనిషి చేతికిచ్చాను. సరిగ్గా చెప్పాలంటే ఆమె చేతికి కాదు, ఆమె అత్త చేతికి. తంటా అంతా అక్కడే మొదలైంది.

మొన్న ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చారు. మాటల్లో ఒక అమ్మాయి, "మీ రోజుల్లో ఈ గ్రూప్ ఎక్సర్‌సైజులు ఎక్కడున్నాయి మేడం, అంతా కరెంటు పెట్టడమే కదా" అంది. నాకు ఒళ్ళు మండింది. చాయ్ పోసి, బిస్కెట్లు పెట్టి పంపాను కానీ జవాబు గొంతులోనే ఉండిపోయింది. ఆ జవాబు ఇది. చదివితే చదవండి, లేకపోతే మీ ఇష్టం.

అవి ఎనభైల తొలి రోజులు. నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు. కామారెడ్డిలో ఫిజియోథెరపిస్టుగా పోస్టింగు. వారమంతా అక్కడ, గురువారం మాత్రం ఎల్లారెడ్డి బస్సెక్కి దారిలో ఒక ఊళ్ళో దిగి, అక్కడి చిన్న సర్కారు దవాఖానలో కూర్చోవాలి. ఆ ఊరి పేరు చెప్పను. ఈ సంగతిలో ఉన్న పెద్దమనుషుల మనవలు, మనవరాండ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు.

నాకిచ్చిన గది స్టోరు పక్కన. ఒక చెక్క బల్ల, ఒక ఎర్ర దీపం. ఆ దీపం నడుం మీద పెడితే వెచ్చగా ఉంటుంది, అంతకు మించి ఏమీ చేయదు. అది వెలగాలంటే కరెంటు ఉండాలి, కరెంటు ఉండాలంటే మన నసీబు బాగుండాలి. అయినా ఊరంతా నన్ను "కరెంటు డాక్టరమ్మ" అనే పిలిచేది. నాకు సాయంగా ఒక ఆయమ్మ ఉండేది. అరవై దగ్గర పడిన మనిషి. బకెట్లు మోసేది, బండలు కడిగేది, పేషెంట్లను కసిరేది, అవసరమైతే నన్నూ కసిరేది.

మగవాళ్ళు విరిగిన చేతులతో వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు నడుములతో వచ్చేవాళ్ళు. ఆ చుట్టుపక్కల ఇంటికొక ఆడమనిషి బీడీలు చేసేది. తునికాకు, తంబాకు ఉన్న చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దున కూర్చుంటే, పొయ్యి మీద అన్నం పొంగితే లేవడం, మళ్ళీ కూర్చోవడం. వానలు పడితే చాట పక్కన పెట్టి నాట్లకు పోవడం. కూర్చున్నా వంగుడే, నిలబడ్డా వంగుడే. ఎప్పటి నుంచి నొప్పి అంటే అందరిదీ ఒకటే జవాబు, "ఆపరేషన్ అయినకాన్నుంచి." పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అన్న మాట. ఆ క్యాంపులు నడిపేది కామారెడ్డికీ ఈ ఊరికీ కలిపి మా మీద ఉన్న పెద్ద డాక్టరే. కాబట్టి ఆ జవాబు ఆయన చెవిన పడకూడదు. ఆయన దృష్టిలో వాళ్ళ నొప్పి పని ఎగ్గొట్టడానికి ఒక సాకు. పని ఎగ్గొట్టిన ఆడమనిషిని ఆయన ఎక్కడ చూశారో నాకు తెలియదు, నేను మాత్రం ఆ ఊళ్ళో చూడలేదు.

ఒక చలికాలం గురువారం అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలిది బిచ్కుంద దిక్కు. ముప్పై దాటి ఉండవు. పుట్టింట్లో మరాఠీ, అత్తింట్లో తెలుగు. మామూలుగా తెలుగే మాట్లాడేది, నొప్పి లేచినప్పుడు మాత్రం "ఆయీ గే" అని అమ్మను తలుచుకునేది. ముగ్గురు పిల్లలు, భర్త దుబాయిలో. బీడీల్లో చెయ్యి చురుకట, ఇప్పుడు గంట కూర్చోలేకపోతున్నదట. ఇదంతా చెప్పింది అత్తే. కోడలు గోడ పట్టుకుని నిలబడింది.

నేను పరీక్ష చేశాను. కాళ్ళు మొద్దుబారలేదు, జ్వరం లేదు, మూత్రం పట్టు తప్పలేదు. అలాంటివి ఉంటే నిజామాబాద్ పంపేదాన్ని. ఇది వట్టి నడుం నొప్పి, పాతబడిన నొప్పి. బుద్ధిగా చదువుకున్నదాన్ని కదా, చదివిందే రాశాను. మూడు నెలలు పూర్తి విశ్రాంతి. వంగరాదు. బరువు ఎత్తరాదు. కింద కూర్చోరాదు. ఇప్పుడు మీరు నవ్వుతారు, అప్పట్లో నవ్వే మనిషి లేడు. మాకు పాఠం చెప్పినవాళ్ళూ అదే రాసేవాళ్ళు. వంగకుండా, ఎత్తకుండా, కింద కూర్చోకుండా మా దిక్కు ఆడమనిషి చేసే పని ఒక్కటైనా ఉందా అని నేను ఆలోచించలేదు. అన్నం తినాలన్నా కిందే కూర్చోవాలి.

అత్త ఆ చిట్టీని రెండు చేతులతో అందుకుంది. ఆమెకు చదువు రాదు. కాంపౌండరు దగ్గరికి పోయి ఒక్కో మాట చదివించుకుంది. ముద్ర ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుంది. నాలుగు మడతలు పెట్టి చెంగున ముడేసుకుంది. కోడలి మీద ఎంత పావురం, ఎంత ప్రేమ అనుకుని మురిసిపోయాను. నా తెలివికి దండం పెట్టాలి.

ఉగాది దాటాక బిచ్కుంద కోడలు ఒక్కతే వచ్చింది. దవాఖాన మెట్లు ఎక్కడానికి ఆయమ్మ భుజం కావాల్సి వచ్చింది. మంచం మీద పడుకుని పడుకుని కాళ్ళు సన్నబడ్డాయి, పక్కకు తిరగాలన్నా భయం పట్టుకుంది. నొప్పి తగ్గడం మాట అటుంచి రెట్టింపయింది. నేను అలవాటుగా ఎర్ర దీపం వైపు చెయ్యి చాపాను. ఆమె వద్దంది.

"మీరు రాసిన చిట్టీ నన్ను ఇంట్లకెళ్ళి ఎల్లగొడుతున్నది మేడం" అంది.

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అత్త ఆ చిట్టీని వాడకట్టంతా చూపించిందట. చూడుండ్రి, సర్కారు డాక్టరమ్మే రాసిచ్చింది, ఇది వంగది, ఎత్తది, కూసోది, మా నసీబు గిట్ల కాలింది అని. దుబాయి పోతున్న ఒకాయనతో కొడుక్కి కబురు పంపిందట. కొడుకు నుంచి జవాబు వచ్చింది, అమ్మ ఎట్లంటే అట్ల. నాట్లు అయినంక కులం పెద్దమనుషులు కూర్చుంటారట. ఆమెను బిచ్కుంద పంపిస్తారు. పిల్లలు ముగ్గురూ అత్త దగ్గరే ఉంటారు.

"నన్నేమన్న అననీ. పిల్లలు నా తానే ఉండాలె" అంది.

ఆమె పోయాక నేను బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయమ్మ బండలు కడుగుతూ నన్ను చూస్తూనే ఉంది. చివరికి చీపురు ఆపి అడిగింది, "పండుకున్న బర్రెను పండుకోనిస్తె లేస్తదా మేడం? నలుగురు కలిసి లేపి, నాలుగడుగులు నడిపిస్తెనే లేస్తది." నాకెందుకు ముందే చెప్పలేదని అడిగాను. మీరు చదువుకున్నోళ్ళు కదా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమెకూ నడుం నొప్పి ఉండేది, నాకు తెలుసు. అయినా దవాఖాన మొత్తంలో మంచిగా నడిచే మనిషి ఆమే.

పుస్తకం మళ్ళీ తీశాను. నడుముకు వ్యాయామాలు అందులో ఉన్నాయి, చివరి పేజీల్లో, విశ్రాంతి తర్వాత చేయించవలసినవిగా. ఆ విశ్రాంతి పేజీలు దాటేసి వెనక నుంచి మొదలుపెట్టాలని ఆ రోజు తేల్చుకున్నాను. కానీ గురువారం ఒక్క పూట. వచ్చే నడుములు పదిహేనుకు తక్కువ ఉండవు. ఒక్కొక్కరికి విడిగా చేయించాలంటే బస్సు పోతుంది. అందరినీ కలిపి కూర్చోబెడదామన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. గొప్ప సిద్ధాంతమేమీ లేదు, బస్సు టైమే సిద్ధాంతం.

మొదటి గురువారం వెనక వరండాలో చాపలు పరిపించాను. పక్కపక్కన, వరుసగా, మీద ఆకుపచ్చ దుప్పట్లు. చూడముచ్చటగా ఉంది. ఆడవాళ్ళు వచ్చారు, వరండా మలుపు దాకా వచ్చి ఆగారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గదిలోంచి రిజిస్టరు తీసుకుని బయటికి వచ్చేసరికి ఒక్కరూ లేరు. ఒకామె చెప్పు కూడా వదిలేసి పోయింది. నాకు అర్థం కాలేదు. ఆయమ్మ నడుం పట్టుకుని నవ్వుతోంది. "గా వరండాల, గా చద్దర్లేసి, వరుసగ పండవెడితే ఆపరేషన్ క్యాంపు అనుకోరా మేడం? పట్టుకపోయి కోస్తరనుకున్నరు."

క్యాంపు రోజు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళను సరిగ్గా అక్కడే, అలాగే పడుకోబెట్టేవాళ్ళు. వాళ్ళలో సగం మంది ఆ వరండాలో ఒకసారి పడుకుని లేచినవాళ్ళే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చాపలు పరిపించాను. చదువుకున్నదాన్ని కదా.

తర్వాతి వారం ఆయమ్మకే వదిలేశాను. ఆమె ఆకుపచ్చ దుప్పట్లు తీసి పారేసింది. చాపలు గుండ్రంగా వేసింది. బీడీలు చేసేవాళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో అలాగే కూర్చుంటారు, చుట్టూ చాటలు, మధ్యలో ముచ్చట్లు. పడుకోవలసి వస్తే తలలు లోపలికి, కాళ్ళు బయటికి. వరండాకు అడ్డంగా పాత పరదాలు కట్టింది, మగవాళ్ళు అటు వైపు తొంగి చూడకుండా. ఇంటింటికీ పోయి కోత లేదు, సూది లేదు, నాది పూచీ అని చెప్పి వచ్చింది. బిచ్కుంద కోడలిని తానే నడిపించుకుని వచ్చింది.

లెక్క కూడా వాళ్ళదే. ఒకటి, రెండు, మూడు అని నేను మొదలుపెడితే ఎవరికీ ఊపు రాలేదు. బీడీలు ఇరవై ఐదు కలిపి ఒక కట్ట కడతారు కదా, వాళ్ళ చేతుల్లో ఆ లెక్క ఉంది. కాబట్టి వ్యాయామం కూడా కట్టల్లోనే. మొదట్లో పావు కట్ట, తర్వాత సగం కట్ట. పేర్లూ వాళ్ళే పెట్టారు. చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి వీపు పైకి ఉబ్బిస్తే "అలిగిన బర్రె." వీపు కిందికి దించితే "నీళ్ళు తాగే బర్రె." వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తితే "పందిరి." మీ పుస్తకాల్లో వీటికి గొప్ప గొప్ప పేర్లుంటాయి, ఉండనివ్వండి.

మొదటి రెండు మూడు వారాలు వాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. నొప్పి ఎక్కువైందని ఇద్దరు మానేశారు. బిచ్కుంద కోడలు మొదటిరోజు ఒక్క పందిరి ఎత్తలేక ఏడ్చింది. నాకు భయమేసింది, ఇంతకు ముందే ఒకసారి చెడగొట్టాను, మళ్ళీ చెడగొడుతున్నానేమోనని. అప్పుడు దర్జీ భార్య ఆమె పక్కకు జరిగింది. దర్జీ భార్య యాభై ఏళ్ళ మనిషి, అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్ళు. బురఖా తీసి గోడకు తగిలించి, పరదా వెనక అందరికంటే గట్టిగా చేసేది.

"దర్దు యాడికి పోతది బిడ్డా, ఉంటది" అంది ఖాలా. "దాని మొఖం చూసుకుంట కూసుంటె రొట్టె ఎవరు జేస్తరు? లే, ఇంకొకటి ఎత్తు."

ఆమె ఇంకొకటి ఎత్తింది. ఎండాకాలం ముగిసేసరికి సగం కట్ట ఎత్తేది. అత్త చూడకుండా ఇంట్లో రోజూ చేసేదని తర్వాత చెప్పింది.

గుండ్రంగా కూర్చుంటే ముచ్చట్లు రాకుండా ఉంటాయా? వచ్చాయి. ఎవరికి ఎప్పుడు ఆపరేషన్ అయింది, ఎవరిని అడిగి చేశారు, ఎవరిని అడగకుండా చేశారు, తర్వాత ఎన్ని రోజులకు బీడీల చాట ముందు కూర్చోబెట్టారు. ఆ ముచ్చట్లు పరదాలు దాటి పోయాయి. తర్వాతి క్యాంపుకు వచ్చినవాళ్ళు తగ్గారు. పెద్ద డాక్టరు నన్ను పిలిపించారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. పైనుంచి ఆయన్ని రోజూ టార్గెట్టని పీక్కుతినేవాళ్ళు, ఆయన మమ్మల్ని పీక్కుతినేవారు.

"నువ్వు ఇక్కడికి కరెంటు పెట్టడానికి వచ్చావా, సంఘం పెట్టడానికి వచ్చావా?" అన్నారు.

ఆ రోజుల్లో మా వైపు సంఘం అన్న మాట ఊరికే అనేది కాదు. సంఘమంటే నక్సలైట్లని పోలీసులు వచ్చేవాళ్ళు. పెద్ద డాక్టరు వరండా ఖాళీ చేయమన్నారు, చేయించాను. ఆయమ్మ పరదాలు విప్పుతుంటే ఆమె మొహం చూడలేక లోపలికి పోయాను. ఆ పూట నా మీద నాకే అసహ్యమేసింది.

ఖాలా గది ముందుకు వచ్చి నిలబడింది. వాళ్ళ ఇంటికి నాలుగు దిక్కులా గోడ ఉందట, మగవాళ్ళు పొద్దంతా దుకాణంలోనే ఉంటారట, ఆ వాకిట్లో ఎవరి జబర్దస్తీ నడవదట. "మీకు బారా బజే దవాఖాన బంద్ అయితది కదా. బస్సు దో బజే. నడుమల మీరు యాడ ఉన్నా డాక్టర్‌సాబుకు ఏం పని?" అంది. నిజమే, పన్నెండు నుంచి రెండు దాకా నేనెక్కడుంటే ఏం పని? తర్వాతి గురువారం నుంచి నా అన్నం డబ్బా ఖాలా ఇంట్లోనే తెరిచేదాన్ని. మా ఆడవాళ్ళంతా అక్కడికే వచ్చేవాళ్ళు. వరండాలో పదిహేను మంది ఉన్నవాళ్ళు వాకిట్లో ఇరవై దాటారు. పెద్ద డాక్టరుకు తెలిసింది, తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయనకు పట్టుకోవడానికి నియమం దొరకలేదు.

ఇంతలో వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. బిచ్కుంద కోడలు నాట్లకు పోతానంది. నేను వద్దన్నాను. ఇంకో నెల ఆగు, కూర్చోవడం లేవడం వేరు, పొద్దంతా బురదలో వంగడం వేరు అన్నాను. పాత చిట్టీ రాసిన మనిషి నా లోపల ఇంకా చావలేదు. ఆమె నా మాట పూర్తిగా విని, తలూపి, మర్నాడు పొద్దున్నే నాట్ల గుంపుతో పోయింది.

ఆ సంగతి ఆయమ్మ చెప్పింది. గుంపులో సగం మంది మా వాకిలివాళ్ళే. వాళ్ళు ఒక ఉపాయం చేశారు. కాసేపు నాటగానే వరుస వరుసంతా ఒక్కసారి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగేవాళ్ళు. మళ్ళీ నాటు. పొలం పటేలు ఒడ్డు మీద నిలబడి ఇదేం చోద్యమని గొడవ చేశాడట. గుంపును నడిపే పెద్దామె, నారు కింద పడేసి, మీకు నాటు గావాలెనా మా నడుములు గావాలెనా చెప్పుండ్రి అని అడిగిందట. అదునుకు నాట్లు పడాలి, కూలీలు పోతే దొరకరు. పటేలు ఒడ్డు మీద నుంచి తప్పుకున్నాడు. బిచ్కుంద కోడలు ఆ సీజనంతా నాటింది. రోజూ కాదు, మధ్యమధ్య ఆగుతూ. కానీ నాటింది.

ఇక అంతా చక్కబడ్డదనుకున్నాను. నాట్లు ముగిసిన వారం, కామారెడ్డిలో నేను పనిలో ఉండగా ఎల్లారెడ్డి బస్సు కండక్టరు దవాఖానకు వచ్చి, మీ ఆయమ్మ కబురు పంపింది, రేపు పొద్దుగాల కూసుంటున్నరట అని చెప్పిపోయాడు. రేపు మంగళవారం. గురువారం కాదు. సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టాను. మంజూరు అయిందో లేదో చూడకుండా మర్నాడు మొదటి బస్సెక్కాను.

అత్త ఇంటి ముందర వాకిట్లో గొంగళ్ళు పరిచి ఐదారుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. బిచ్కుంద కోడలు దర్వాజా పక్కన నిలబడి ఉంది, చిన్నపిల్ల కొంగు పట్టుకుని ఉంది. గోడ వెంట ఆడవాళ్ళు, వాళ్ళలో ఖాలా, ఆయమ్మ. నేను పోయేసరికి అత్త చెంగు ముడి విప్పుతోంది. ఆ చిట్టీ మడతల దగ్గర చిరుగు పట్టింది, ముద్ర మాత్రం చక్కగా ఉంది.

ఎవరో అన్నారు, ఈ ఏడు నాట్లకు పోయింది కదా అని. అత్త ఒప్పుకుంది. ఒక దినం పోతది, పది దినాలు పంటది, రేపు మల్ల పడిపోతె ఎవలు జేస్తరు, నా మాట కాదు, సర్కారు కాగితమే చెప్తున్నది అంది. ఆ కాగితం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయింది. మనిషి ఎదురుగా రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఆమె వైపు ఎవరూ చూడడం లేదు. అందరూ కాగితాన్నే చూస్తున్నారు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇది రాస్తుంటే కూడా వస్తోంది.

నేను ముందుకు పోయి ఆ చిట్టీ తీసుకున్నాను. ఇది నా రాత, ఇందులో రాసింది తప్పు అన్నాను.

పెద్దాయన ఒకరు తల ఎత్తారు. "సర్కారు కాగితం తప్పు ఎట్లయితది డాక్టరమ్మా?"

"కాగితం సర్కారుదే. తప్పు నాది" అన్నాను. "ఈమెను మంచం మీద పడేసింది నొప్పి కాదు, నేను."

అని చింపాను. నాలుగు మడతల కాగితం కదా, నాలుగు ముక్కలు చేయడం సులభమే. ముద్ర ఉన్న కాగితాన్ని ఎవరైనా చింపగా వాళ్ళు చూసి ఉండరు. నేనూ చూడలేదు.

పెద్దాయన న్యాయంగానే ఒక మాట అన్నారు. సరే, అది తప్పయితే ఒప్పు కాగితం రాసియ్యుండ్రి, మంచిగున్నదని, పనికొస్తదని, ముద్రేసి. నాకు ప్రాణం లేచొచ్చింది. సంచిలోంచి పెన్ను తీశాను.

"వద్దు మేడం" అంది బిచ్కుంద కోడలు.

దర్వాజా వదిలి వాకిట్లోకి వచ్చింది. "ఇంకో చిట్టీ వద్దు. మల్ల గది ఎవరి చెంగుల ఉంటదో, ఎన్నడు విప్పుతరో. నేను ఈడనే నిలవడ్డ కదా. నన్ను జూసి చెప్పుండ్రి."

పెద్దాయన ఆమెనే అడిగారు, నొప్పి ఉన్నదా, పోయిందా అని. పోయింది అంటే అబద్ధం, రేపు ఒక్క పూట పడుకుంటే బయటపడుతుంది. ఉంది అంటే అత్త గెలుస్తుంది.

"ఉన్నది" అంది ఆమె. "ఉన్నా నాటేసిన, బీడీలు చేసిన, పిల్లలకు వండిపెట్టిన. ఈడ కూసున్నోళ్ళల్ల నడుం నొప్పి లేనోళ్ళు ఎవరన్న ఉంటె లేచి నిలవడుండ్రి. గప్పుడు పోత బిచ్కుందకు."

ఎవరూ లేవలేదు. లేవాలంటే ఐదారుగురిలో నలుగురికి పక్కవాడి భుజం కావాలి, అందరికీ తెలుసు. గోడ దగ్గర ఆయమ్మ పక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త కోపంతో విసురుగా లేవబోయి, సగంలో ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు మిగతా ఆడవాళ్ళు కూడా నవ్వారు. పెద్దాయన మీసం సవరించుకున్నారు. పిల్లల తల్లి పిల్లల తానే ఉంటది, ఇగ లేవుండ్రి అన్నారు. లేవడానికి వాళ్ళకు కొంచెం టైము పట్టింది.

అత్త నాతో ఆ తర్వాత ఏడాదిన్నర మాట్లాడలేదు. ఖాలా వాకిట్లోకీ రాలేదు. కానీ ఖాలా ఇంటి పక్కనే వాళ్ళ కొట్టం, గోడ అవతల బర్రెకు గడ్డి వేస్తూ, కట్ట లెక్క వినపడ్డప్పుడల్లా ఆగేదని ఖాలా చెప్పేది. అంతకు మించి నేను చెప్పలేను.

ఆ గురువారం దవాఖానకు పోయేసరికి నా బల్ల మీద మెమో ఉంది. సెలవు మంజూరు కాకముందే ఊరు దాటినందుకు, దవాఖాన ముద్ర ఉన్న పత్రాన్ని నలుగురిలో చింపినందుకు సంజాయిషీ. ఎవరి అధికారంతో చింపావని చివర ఒక ప్రశ్న. పొద్దుటి పేషెంట్లు అయ్యేదాకా అది నా ముందరే ఉంది. నౌకరీ పోతే కామారెడ్డిలో గది కిరాయి ఎవరు కడతారని ఒక పక్క గుబులు. చివరికి వేరే కాగితం మీద ఒక్క వాక్యం రాశాను. రాసిన చెయ్యి నాదే కాబట్టి చింపిన చెయ్యి కూడా నాదే, మళ్ళీ అలాంటిది రాస్తే మళ్ళీ చింపుతాను. పెద్ద డాక్టరు చదివారు, సొరుగులో వేశారు. పైకి పంపలేదు. ఎందుకు పంపలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో నడుం నొప్పికి పూర్తి విశ్రాంతి అని నేను ఒక్కసారి కూడా రాయలేదు.

ఆ మధ్యాహ్నం ఖాలా వాకిట్లో అన్నం డబ్బా తెరవకుండా పక్కన పెట్టాను. మెమో కాగితం చేతిలోనే ఉంది. అందరూ గుండ్రంగా పడుకుని ఉన్నారు, తలలు లోపలికి, కాళ్ళు బయటికి. బిచ్కుంద కోడలు మోచేతి మీద లేచి నా వైపు చూసింది. అదేంది మేడం అని అడిగింది. పెద్ద డాక్టరు నాకిచ్చిన కాగితం అన్నాను. ముద్ర ఉన్నదా అంది. ఉన్నదన్నాను.

"మీకు గూడ చిట్టీ ఇచ్చిండ్రా" అంది. తర్వాత పక్కకు జరిగి, తన చాప మీద నాకు చోటిచ్చింది.

"దాన్ని చెంగుల ముడెయ్యకుండ్రి. రాండ్రి, పండుండ్రి. ఇయ్యాల నిండు కట్ట ఎత్తుదాం."